చదువు డబ్బుకు తేదీ వేద్దాం
(రాబోయే సంవత్సరానికి కొన్ని ఇంటి లెక్కలు)

 

ఉపకార వేతనం అందిన ప్రతి ఇంట్లోనూ మరుసటి రోజు వచ్చే ప్రశ్న ఒకటే: మిగతా డబ్బు ఎక్కడి నుండి తేవాలి? ట్రస్టు ఇచ్చేది ఫీజులో కొంత భాగానికే సరిపోతుంది. హాస్టలు, పుస్తకాలు, బస్సు ఖర్చు కుటుంబమే చూసుకోవాలి. నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు చేతనైనది లెక్క కాబట్టి, 2026-27 సంవత్సరంలో చదువు డబ్బును ఎక్కడ దాచాలి, ఎక్కడ దాచకూడదు అన్నది ఈ పాఠంలో చెబుతాను. కాగితం, పెన్ను పక్కన పెట్టుకొని చదవండి. అమ్మానాన్నలకు చదువు రాకపోతే పిల్లలే చదివి వినిపించండి.

1. డిపాజిట్ల మీద వడ్డీ ఎందుకు తగ్గింది?

బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర అప్పు తీసుకున్నప్పుడు కట్టే వడ్డీని రెపో రేటు అంటారు. 2025 మొదట్లో ఇది 6.50 శాతం ఉండేది. ఆ ఏడాది ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, డిసెంబరు నెలల్లో నాలుగుసార్లు తగ్గించి 5.25 శాతానికి తెచ్చారు. రెపో తగ్గితే బ్యాంకులు మనకిచ్చే డిపాజిట్ వడ్డీని కూడా తగ్గిస్తాయి. పాత బాండుకు గడువు తీరేదాకా పాత వడ్డీయే వస్తుంది. దాన్ని తిరగ రాయించుకున్నప్పుడు కొత్త వడ్డీ వర్తిస్తుంది. అందుకే ఈ ఏడాది చాలామంది కౌంటరు దగ్గర "ఏం సార్, ఇంత తక్కువ వేశారు?" అని అడుగుతున్నారు.

తగ్గింది ఎంతో లెక్క వేద్దాం. లక్ష రూపాయలకు 7 శాతం అయితే ఏడాదికి 7,000. 6 శాతం అయితే 6,000. తేడా ఏడాదికి 1,000, అంటే నెలకు సుమారు 83 రూపాయలు. ఈ 83 రూపాయలను గుర్తు పెట్టుకోండి. రాబోయే ఏడాది మన ఊళ్లకు వచ్చే ప్రమాదమంతా ఈ చిన్న మొత్తం చుట్టూనే తిరుగుతుంది.

2. "బ్యాంకులో ఏముంది, మా దగ్గర వేయండి"

బ్యాంకు వడ్డీ తగ్గినప్పుడల్లా, ఎక్కువ ఇస్తామనేవాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు. వచ్చేవాడు తెలియనివాడు కాదు. మన మేనల్లుడో, మన వీధి ఏజెంటో అయి ఉంటాడు. అతనికి కమీషను వస్తుంది, పైగా అతనూ ఆ మాట నమ్మినవాడే.

అగ్రిగోల్డ్ సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక తదితర రాష్ట్రాల్లో లక్షల మంది దగ్గర డబ్బు కట్టించుకుంది. 2014-15 ప్రాంతంలో చెల్లింపులు ఆగిపోయాయి. కూతురి పెళ్లికి, కొడుకు చదువుకు అని నెలనెలా కట్టినవారు ఏళ్ల తరబడి కోర్టుల వైపు చూడవలసి వచ్చింది. 2019 జూన్‌లో బెంగళూరులో ఐఎంఏ సంస్థ ఇలాగే మూతపడింది.

లక్ష రూపాయలు ఎక్కడైనా వేసేముందు మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది, అది బ్యాంకా, లేక సంఘమా? బ్యాంకు అయితే ఒక్కో ఖాతాదారుకు, అసలు వడ్డీ కలిపి, ఐదు లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరి 4 నుండి ఈ పరిమితి అమలులో ఉంది. ఒకే బ్యాంకులో నాలుగు శాఖల్లో వేసినా మొత్తం కలిపి ఐదు లక్షలే. సహకార బ్యాంకులకు ఈ బీమా ఉంది. పరపతి సహకార సంఘాలకు లేదు. బోర్డు మీది పేరులో "బ్యాంకు" ఉందో "సంఘం" ఉందో చూసి, బీమా ఉందా అని మేనేజరును నేరుగా అడగండి.

రెండవది, చీటీ అయితే రిజిస్టరు అయిందా? 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైన చీటీకి ఒప్పంద పత్రం ఉంటుంది. నోటి మాట మీద నడిచే చీటీలో పిల్లల ఫీజు డబ్బు పెట్టకండి.

మూడవది, బ్యాంకు కన్నా ఎంత ఎక్కువ ఇస్తామంటున్నారు? నెలకు నూటికి రెండు రూపాయలు అంటే ఏడాదికి 24 శాతం. అంత లాభం మానకుండా తెచ్చే వ్యాపారం ఏదో చెప్పమనండి. సరైన జవాబు రాకపోతే దండం పెట్టి పంపండి. నెలకు 83 రూపాయల కోసం లక్ష పోగొట్టుకోవడం ఏ లెక్కకూ అందదు.

3. సోలార్ కౌలు: చెక్కు పెరుగుతుంది, విలువ తగ్గుతుంది

మన తాలూకాలో తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. 2018 మార్చిలో మొదటి దశ ప్రారంభమై, 2019 డిసెంబరుకు పూర్తయింది. రైతుల దగ్గర భూమి కొనలేదు, 28 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్లకోసారి 5 శాతం పెరుగుతుంది.

వాన కోసం ఆకాశం వైపు చూస్తూ వేరుశనగ వేసిన మనకు, ఏటా వచ్చే ఈ డబ్బు పెద్ద ధైర్యం. కాని లెక్క చూడండి. రెండేళ్లకు 5 శాతం అంటే ఏడాదికి దాదాపు రెండున్నర శాతం. ధరల పెరుగుదలకు రిజర్వు బ్యాంకుకు ప్రభుత్వం నిర్దేశించిన లక్ష్యమే ఏడాదికి 4 శాతం. 27వ ఏట ఎకరానికి వచ్చే కౌలు సుమారు 39,600 రూపాయలు. ధరలు ఏటా 4 శాతం పెరిగితే, మొదటి ఏడాది 21,000తో కొన్న సరుకులే అప్పటికి సుమారు 58,200 అవుతాయి. అంటే చెక్కు మీది అంకె పెరుగుతుంది, దానితో వచ్చే సరుకు మూడింట రెండు వంతులకు పడిపోతుంది.

కాబట్టి కౌలు డబ్బును జీతంలా మొత్తం ఖర్చు చేయకూడదు. అందులో నాలుగో వంతయినా పిల్లల చదువుకో, దీర్ఘకాల పొదుపుకో పక్కన పెట్టాలి. ఒప్పందం ముగిసేనాటికి నేటి విద్యార్థులు నలభై ఏళ్లకు దగ్గర పడతారు. ఆ భూమితో ఏం చేయాలో నిర్ణయించవలసింది వారే కనుక, కౌలు పత్రం ఇంట్లో ఎక్కడుందో, అందులో ఏముందో ఇప్పుడే చదివి తెలుసుకోండి.

భూమి లేని కూలి కుటుంబాలకు ఈ కౌలు రాదు, పైగా ఆ పొలాల్లో దొరికే పనీ తగ్గింది. అందుకే తరువాతి భాగం వారికి ఇంకా ముఖ్యం.

4. డబ్బును తేదీ ప్రకారం మూడు భాగాలు చేయండి

"ఎక్కడ ఎక్కువ వడ్డీ?" అని కాక, "ఈ డబ్బు ఎప్పుడు కావాలి?" అని మొదట అడగాలి. కాలెండరులో ఆ తేదీ దగ్గర గుర్తు పెట్టండి.

ఏడాది లోపల కావలసినది: ఫీజు, హాస్టలు డబ్బు. ఇది సేవింగ్స్ ఖాతాలోనో, రికరింగ్ డిపాజిట్‌లోనో ఉండాలి. నెలకు 4,000 చొప్పున 12 నెలలు కడితే 48,000, దానికి 6 శాతం వడ్డీ సుమారు 1,560. వడ్డీ కొద్దిగానే కనిపిస్తుంది. కాని ఆ డబ్బు లేక 50,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీ 18,000. పొదుపులో అసలు లాభం ఆ 18,000 తప్పించుకోవడమే. నెలకు 4,000 కుదరకపోతే 400తో మొదలుపెట్టండి. కూలి అందిన రోజే కట్టండి.

రెండు నుండి ఐదేళ్లలో కావలసినది: పీయూసీ చదివే పిల్లల డిగ్రీ, ఇంజనీరింగు ఖర్చు. దీనికి బ్యాంకు, పోస్టాఫీసు డిపాజిట్లు సరిపోతాయి. లక్షకు ఒకే బాండు రాయించుకోకండి, 25,000 చొప్పున నాలుగు రాయించుకోండి. నేను కౌంటరులో ఉన్నప్పుడు, ఇరవై వేల ఫీజు కోసం లక్ష రూపాయల బాండును మధ్యలో రద్దు చేసుకుని వడ్డీ పోగొట్టుకున్నవారిని ఎందరినో చూశాను. నాలుగు బాండ్లుంటే ఒకటి తీసుకోవచ్చు, మూడు కదలవు.

పదేళ్లు దాటి కావలసినది: ఇంట్లో పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. ఏడాదికి కనీసం 250 రూపాయలు చాలు. 2026 జనవరి-మార్చి త్రైమాసికానికి దీని వడ్డీ 8.2 శాతం, పీపీఎఫ్‌కు 7.1 శాతం. ప్రభుత్వం మూడు నెలలకోసారి ఈ రేట్లు ప్రకటిస్తుంది, కట్టేముందు అడగండి. మ్యూచువల్ ఫండ్లు కూడా ఇలాంటి దూరపు అవసరాలకే. వచ్చే జూన్‌లో కట్టవలసిన ఫీజును అందులో పెడితే, మార్కెట్ పడిన నెలలోనే మనకు డబ్బు అవసరం పడవచ్చు.

5. అప్పు తప్పనిసరైతే

చదువు అప్పుకు భయపడి చేతి అప్పుకు పోకండి. బ్యాంకుల మాదిరి విద్యా రుణ పథకంలో 4 లక్షల వరకు మన వాటా కట్టనవసరం లేదు, 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేదు. చదువు కాలం, ఆ తరువాత ఒక సంవత్సరం వాయిదాలు ఉండవు. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, గుర్తింపు ఉన్న కాలేజీలో వృత్తి విద్యా కోర్సు చదివితే, ఆ కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వచ్చి, ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవారికి 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. రాయితీ విద్యార్థిని మాత్రమే కాక కాలేజీని బట్టి కూడా వస్తుంది. సీటు తీసుకునేముందే "ఈ కాలేజీకి, ఈ కోర్సుకు వడ్డీ రాయితీ వస్తుందా?" అని బ్యాంకులో అడగండి. చేరిన తరువాత అడిగితే చేయగలిగింది ఏమీ ఉండదు.

బంగారం మాట. 2025లో ధర బాగా పెరిగింది. 2.5 లక్షల లోపు బంగారు రుణాలకు విలువలో 85 శాతం వరకు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చింది, 2026 ఏప్రిల్ 1 దాని అమలుకు గడువు. అదే గొలుసుకు ఇప్పుడు ఎక్కువ అప్పు పుడుతుంది. కాని గొలుసు ధర పెరిగిందని మన రాబడి పెరగలేదు. ఇస్తామన్నంత కాక, ఫీజుకు ఎంత కావాలో అంతే తీసుకోండి.

6. విద్యార్థులకు ప్రత్యేకంగా

బెంగళూరు, తుమకూరు హాస్టళ్లలో చదివే పిల్లలకు రెండు మాటలు.

మీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికీ అద్దెకు ఇవ్వకండి. "నెలకు ఐదు వేలు ఇస్తాం, ఖాతా మాత్రం వాడుకుంటాం" అనేవారు దొంగ సొమ్మును దాని గుండా పంపుతారు. పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారు ఇంటికే. ఖాతా స్తంభించిపోతే ఉపకార వేతనమూ అందులోనే ఇరుక్కుంటుంది. మోసం జరిగిందని అనుమానం వస్తే వెంటనే 1930కి ఫోను చేయండి.

ఫోనులో ఆప్షన్ల వ్యాపారం నేర్చుకుని ఫీజు సంపాదిద్దామనుకోకండి. 2021-22 నుండి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని సెబీ 2024లో లెక్క తేల్చింది. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైనే.

ఈ నెలలో చేయవలసిన పనులు

పాసు పుస్తకం తీసుకెళ్లి ఖాతాకు ఆధార్ జతయిందో లేదో చూసుకోండి. ప్రభుత్వ ఉపకార వేతనం జతయిన ఖాతాకే వస్తుంది. 2025 మే 1న కర్ణాటకలోని రెండు గ్రామీణ బ్యాంకులు ఒకటయ్యాయి, అక్కడ ఖాతా ఉన్నవారు ఐఎఫ్‌ఎస్‌సి కోడ్ మరొకసారి అడిగి రాసుకోండి. ప్రతి డిపాజిట్‌కు నామినీ పేరు ఉందో లేదో చూడండి. 2025 నవంబరు 1 నుండి నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు.

అభ్యాసం

1) నూటికి రెండు రూపాయల వడ్డీకి 40,000 పది నెలలు తెస్తే వడ్డీ ఎంత?
2) ఎకరం కౌలు 21,000. రెండుసార్లు 5 శాతం పెరిగితే ఎంత?
3) మీ ఇంట్లో రాబోయే పన్నెండు నెలల్లో కట్టవలసిన చదువు ఖర్చులు ఏవి, ఏ తేదీకి, ఎంత? అమ్మానాన్నలతో కూర్చుని ఒక పేజీలో రాయండి.

జవాబులు: 1) రూ. 8,000. 2) రూ. 23,152.50. మూడవ దానికి జవాబు మీ ఇంట్లోనే ఉంది. ఆ పేజీని పాసు పుస్తకంలో పెట్టి, ప్రతి నెలా ఒకటో తేదీన తీసి చూడండి.

మీ అందరి చదువులు ఆటంకం లేకుండా సాగాలని కోరుకుంటున్నాను.