ఫార్మలిన్‌లో మరుగుపడిన ప్రతిజనకాన్ని అధిక ఉష్ణంతో వెలికితీయడం: గొర్రెల పి.పి.ఆర్. నిర్ధారణకు అన్వయం

పరిచయం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల మెట్ట సేద్యంలో గొర్రెల మందకు ప్రత్యేక స్థానం ఉంది. పంట కోసిన చేలలో మంద పెట్టించినప్పుడు పెంటిక, మూత్రం రెండూ నేరుగా నేలకు చేరుతాయి. అందువల్ల మంద ఆరోగ్యం సస్యశాస్త్రానికీ సంబంధించిన విషయమే. అయితే ఒక చేని నుంచి మరొక చేనికి తరలే మందతోపాటు అంటువ్యాధి కూడా తరలుతుంది.

అటువంటి వ్యాధులలో ముఖ్యమైనది పి.పి.ఆర్. (పారుడు రోగం). మనదేశంలో దీనిని మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు. 2030 నాటికి దీనిని ప్రపంచమంతటా నిర్మూలించాలన్న వ్యూహాన్ని 2015లో అంతర్జాతీయ సంస్థలు ప్రకటించాయి. జ్వరం, ముక్కు కళ్ళ నుంచి స్రావం, నోటి పుండ్లు, పారుడు, న్యుమోనియా దీని లక్షణాలు. నీలినాలుక వ్యాధిలోనూ, పాశ్చురెల్లా న్యుమోనియాలోనూ వీటిలో కొన్ని కనిపిస్తాయి గనుక ప్రయోగశాల నిర్ధారణ అవసరమవుతుంది.

మంచుగడ్డల మీద పంపిన తాజా నమూనాయే ఉత్తమం. దూరపు తండాల నుంచి, అటవీ గ్రామాల నుంచి అది సాధ్యం కానప్పుడు ఫార్మలిన్‌లో ఉంచిన ఊపిరితిత్తి ముక్క ఒక్కటే ఆధారంగా మిగులుతుంది.

ప్రతిజనకం ఎందుకు మరుగవుతుంది?

ఫార్మాల్డిహైడ్ మాంసకృత్తులలోని అమైనో సమూహాలతో కలిసి, పక్కపక్క అణువుల మధ్య మిథిలీన్ వంతెనలను ఏర్పరుస్తుంది. కణజాలం కుళ్ళకుండా నిలిచేది ఈ బంధాల వల్లనే. ప్రతిరక్షకం అతుక్కోవలసిన చోటు మూసుకుపోయేదీ వీటివల్లనే. అంటే వైరస్ మాంసకృత్తి కణంలో ఉన్నప్పటికీ పరీక్షకు అందదు.

ఈ బంధాలను అధిక ఉష్ణం కొంతవరకు విడదీయగలదని 1940లలో ఫ్రెంకెల్-కాన్రాట్, ఆయన సహచరుల రసాయన పరిశోధనలు తెలిపాయి. ఆ సూత్రం ఆధారంగా 1991లో షి, కీ, కల్రా అనే శాస్త్రవేత్తలు మైనంలో పొదిగిన కణజాలపు కోతలను మైక్రోవేవ్ ఓవెన్‌లో వేడిచేసి, మరుగుపడిన ప్రతిజనకాలను తిరిగి గుర్తించగలిగారు.

విధానం

1. 3–5 మైక్రాన్ల మందం గల కోతలను జిగురు పూత ఉన్న స్లైడ్లపై తీసుకొని, జైలీన్‌తో మైనం తొలగించి, ఆల్కహాల్ ద్వారా నీటికి చేర్చాలి.

2. స్లైడ్లను సిట్రేట్ బఫర్ (10 మిల్లీమోలార్, పి.హెచ్. 6.0)లో గాని, ట్రిస్-ఇ.డి.టి.ఎ. బఫర్ (పి.హెచ్. 9.0)లో గాని పూర్తిగా ముంచాలి.

3. 95–98 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 20 నిమిషాలు వేడిచేయాలి. ప్రెషర్ కుక్కర్‌లో ఉష్ణోగ్రత దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది గనుక కొద్ది నిమిషాలు చాలు. బఫర్ ఆవిరై కోతలు ఎండిపోకుండా చూడాలి.

4. అదే బఫర్‌లో సుమారు 20 నిమిషాలు చల్లారనిచ్చి, ఆ తరువాతనే ప్రతిరక్షకాన్ని వేయాలి.

ఏ బఫర్, ఎంత కాలం అన్నది ఆయా ప్రతిరక్షకాన్ని బట్టి ముందుగా పరీక్షించి నిర్ణయించుకోవాలి. పి.పి.ఆర్. ప్రతిజనకం ముఖ్యంగా శ్వాసనాళికల పైపొర కణాలలో, ఊపిరితిత్తులలోని బహుకేంద్రక కణాలలో, పేగు పైపొరలో కనిపిస్తుంది.

ఫలితాన్ని అర్థం చేసుకోవడం

రంగు రాలేదంటే రోగం లేదని తీర్మానించరాదు. వేడిచేయడం చాలకపోయినా, ముక్క వారాల తరబడి ఫార్మలిన్‌లో ఉండిపోయినా రంగు రాకపోవచ్చు. అటువంటి ఫలితాన్ని నమ్మి టీకాలు ఆపితే చుట్టుపక్కల మందలు ప్రమాదంలో పడతాయి. ఇందుకు విరుద్ధమైన పొరపాటూ ఉంది. వేడి వల్ల కాలేయం, మూత్రపిండాలలోని సహజ బయోటిన్ బయటపడి, బయోటిన్ ఆధారిత పద్ధతులలో లేని రోగాన్ని ఉన్నట్లు చూపవచ్చు. కనుక రోగం నిర్ధారణ అయిన కణజాలపు స్లైడ్‌ను, ప్రతిరక్షకం వేయని స్లైడ్‌ను ప్రతిసారీ పక్కన ఉంచి పోల్చాలి.

క్షేత్రస్థాయి సూచనలు

ముక్క మందం 5 మిల్లీమీటర్లు మించరాదు. దానికి పదింతల పరిమాణంలో 10 శాతం తటస్థ బఫర్ ఫార్మలిన్ పోయాలి. 24–48 గంటల తరువాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చడం మంచిది. సీసాపై గొర్రె చనిపోయిన సమయం, ముక్కను ఫార్మలిన్‌లో వేసిన తేదీ, గంట తప్పక రాయాలి.

ముగింపు

ఉష్ణ చికిత్స పాత దిమ్మెలకు సైతం తిరిగి సాక్ష్యం చెప్పే శక్తినిస్తుంది. అయితే ఆ సాక్ష్యం విలువ మంద దగ్గర సీసాపై రాసిన తేదీపైనా, ప్రయోగశాలలో పక్కన ఉంచిన పోలిక స్లైడ్‌పైనా ఆధారపడి ఉంటుంది.