బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. హైదరాబాద్‌కు కూలిపనికి వచ్చాం. దొంగతనం కేసులో మా ఆయన్ని రిమాండ్‌కు పంపారు. బెయిల్ వచ్చి నలభై రోజులైంది. ఇద్దరు లోకల్ షూరిటీలు కావాలంటున్నారు. ఇక్కడ మాకెవరున్నారు? ములాఖత్‌కు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. వెళ్లిన ప్రతిసారీ ‘పాప అడుగుతోందా?’ అంటాడు. నాన్న ఊరెళ్లాడని చెబుతున్నాను.

జవాబు: అమ్మా, కోర్టు వదలమన్నాక కూడా మీ ఆయన లోపలున్నాడంటే దానికి కారణం పేదరికమే. 2022 చివరి లెక్కల్లో మన దేశంలోని ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్ల నేరం ఇంకా రుజువు కాలేదు. అయినా ఇంటి కూలి పోతుంది, పిల్లల చదువు ఆగుతుంది.

మీ కష్టమే 1978లో మధ్యప్రదేశ్‌లో మోతీరాం అనే తాపీ మేస్త్రీకి వచ్చింది. సుప్రీంకోర్టు బెయిలిస్తే, కింది కోర్టు పదివేల షూరిటీ అడిగింది. అన్న పూచీ ఉంటానన్నా, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ దీన్ని గట్టిగా తప్పుపట్టారు. బస్తర్‌లో పట్టుబడిన తెలుగువాడు అక్కడ ఆస్తిపరుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడని అడిగారు. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తుపై వదలమన్నారు.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా వివరంగా చెప్పింది. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే, జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెల దాటితే షరతుల సడలింపును కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. లోకల్ షూరిటీ అడగడం వల్ల విడుదల ఆగుతుంటే ఆ షరతు పెట్టకపోవడమే మేలని కూడా సూచించింది. మీకు నెల దాటిపోయింది!

కోర్టు గేటు దగ్గర డబ్బుకు షూరిటీలు ఇప్పిస్తామనే వాళ్లు తగులుతారు. నమ్మకండి. ఆ కాగితాలు దొంగవని తేలితే ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది.

కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం, 12వ సెక్షన్ చెబుతోంది. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా దారి చూపుతారు. షూరిటీ బదులు సొంత పూచీకత్తు చాలనేలా పిటిషన్ వేయమని ఆ లాయర్‌ని అడగండి.

ఇంకొకటి. ఇది మీ ఆయనకు మొదటి కేసై, వేరే కేసులేవీ లేకపోతే, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిచాక భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 479వ సెక్షన్ ప్రకారం వదలాలి. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, అంటే ఏడాది. అప్పుడు కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. మీరు అందాకా ఆగొద్దు. రేపు ఒక్క పూట పని మానైనా సరే, బెయిల్ ఆర్డర్ కాపీ పట్టుకుని కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి.