విశాఖ మీద జపాను బాంబులు

రెండో ప్రపంచ యుద్ధం అనగానే హిట్లర్, హిరోషిమా అని రాసేసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ యుద్ధం మన విశాఖ దాకా వచ్చిందని ఎంతమందికి తెలుసు?

1942 మార్చిలో జపాను సైన్యం రంగూన్ పట్టుకుంది. మన వైపు నుంచి రేవులోకి, బియ్యం మిల్లుల్లోకి కూలికెళ్లిన తెలుగువాళ్లు అక్కడ వేలమంది. చాలామంది అడవుల్లోంచి కాలినడకన వెనక్కి బయల్దేరారు. దారిలోనే జ్వరాలతో, ఆకలితో ఎందరో పోయారు. అడవిలో నడక సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు కదా!

తర్వాత నెల, ఏప్రిల్ 6న, ర్యూజో అనే జపాను ఓడ మీంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. (విమానాలు ఎగరడానికీ దిగడానికీ ఆ ఓడ పైభాగమంతా చదునుగా ఉంటుంది.) విశాఖ రేవు తెరిచింది 1933లో, అంటే అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. వాళ్ల గురి రేవు మీద, ఓడల మీద. భయం మాత్రం ఊరంతటికీ. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునే గుంటూరుకి తరలించారు. యుద్ధం అయ్యాకే తిరిగొచ్చింది.

శత్రువు దిగుతాడని ఒడ్డున కాంక్రీటు గదులు కట్టారు. వాటిని పిల్‌బాక్సులంటారు. ఇసుకలో కూరుకుపోయి, అలలు కోసినప్పుడు బయటపడుతుంటాయి. తుపాకీ పెట్టే కన్నాలు వాటికి ఇంకా ఉన్నాయి. జపాను సైన్యం మాత్రం ఒడ్డున దిగనే లేదు.