మందు పురుగుకు కాదు, గదికి

హిందూపురం దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అత్తా కోడలూ పట్టుపురుగులు పెంచుతారు. వారికి కొద్దిగా మల్బరీ తోట ఉంది. ఇంటి పక్కనే పురుగుల గది ఉంది.

పోయిన పంట చేతికి రాలేదు. పురుగులకు నాలుగు జ్వరాలూ దాటాయి. ఇంకో వారంలో గూళ్లు కట్టాలి. అంతలో పురుగులు ఉబ్బాయి. చర్మం పగిలి పాలలాంటి నీరు కారింది. తట్టలకు తట్టలే పారబోశారు. ఆకు పోయింది. కష్టం పోయింది. అప్పు మిగిలింది.

"మన రాత ఇంతేనే" అంది అత్త.

"రాత కాదత్తా, రోగం. దీన్ని పాలరోగం అంటారు" అంది కోడలు. ఆమె ఈ మధ్యనే చదువు నేర్చింది. పట్టు ఆఫీసులో ఇచ్చిన కాగితం కూడబలుక్కుని చదివింది.

"మరి దీనికి మందేది?"

"రోగం వచ్చిన పురుగును బాగుచేసే మందు లేదత్తా. మందు ముందే చల్లాలి. పురుగుకు కాదు, గదికి."

రోగం పోయినా రోగక్రిములు పోవు. గోడల్లో, తట్టల్లో, చంద్రికల్లో దాగి ఉంటాయి. మళ్లీ పంట పెట్టగానే కొత్త పురుగులకు అంటుకుంటాయి.

ఇద్దరూ గదిని ఊడ్చి కడిగారు. తట్టలు, చంద్రికలు కడిగి ఎండబెట్టారు. 10 లీటర్ల నీళ్లలో 200 గ్రాముల బ్లీచింగ్ పొడి, 30 గ్రాముల సున్నం కలిపారు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకున్నారు. గోడలకు, నేలకు, కప్పుకు, సామాన్లకు బాగా తడిసేలా చల్లారు. గది మూసేశారు. పురుగులు తెచ్చే ముందురోజు తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చారు.

పంట మొదలయ్యాక కూడా జాగ్రత్తలు మానలేదు.

చేతులు కడుక్కున్నాకే ఆకు వేశారు.

తడి ఆకు, మరీ ముదిరిపోయిన ఆకు వేయలేదు.

ఊజీ ఈగ రాకుండా కిటికీలకు వల కట్టారు.

జ్వరం అంటే రోగం కాదు. పురుగు మేత మాని, కదలకుండా ఉండి, పాత చర్మం విడిచే సమయం. అప్పుడు ఆకు వేయలేదు. సున్నం పొడి పలచగా చల్లారు.

జబ్బు పురుగు కనిపిస్తే పుల్లతో తీసి బ్లీచింగ్ నీళ్లలో వేశారు. తర్వాత దూరంగా గుంట తీసి పూడ్చారు. కోళ్లకు వేయలేదు.

పురుగులు పండాయి. చంద్రికల మీద వేశారు. గూళ్లు కట్టడం పూర్తయ్యాక విడిపించారు. గూళ్లు గట్టిగా, తెల్లగా ఉన్నాయి. హిందూపురం మార్కెట్లో వేలం అయింది. కోడలు చీటీ తీసుకుని తూకం, ధర తనే చదివి లెక్క చూసుకుంది. పాత అప్పులో సగం తీరింది.

ఇంటికి రాగానే అత్త అడిగిన మొదటి మాట: "వచ్చే పంటకు సున్నం తెచ్చినావా?"

ఆలోచించి చెప్పండి

1. పోయిన పంట ఎందుకు పోయింది?

2. 20 లీటర్ల నీళ్లకు బ్లీచింగ్ పొడి ఎంత కావాలి? సున్నం ఎంత కావాలి?

3. జబ్బు పురుగులను పెరట్లో పారేస్తే ఏమవుతుంది?