విద్యార్థి సేవాసంఘము

రాయలసీమ వానకై ఎదురుచూచు నేల. కర్నూలు, కడప ప్రాంతములలో ఏడాదికి కురియు వర్షము సగటున సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. అదియైనను ఒక క్రమమునకు కట్టుబడి కురియదు. ఒక యేడు చెఱువులు నిండి అలుగులు పాఱును. మఱియొక యేడు విత్తిన గింజ మొలకెత్తకయే మాడిపోవును. ఇట్టి నేలపై మనిషికి మనిషియే ఆధారము. పొరుగువాని ఆకలిదప్పులను తనవిగా నెంచినవారు తరతరమునను ఉండుటచేతనే ఈ సీమ ఎన్నియో కఱవులకు తాళి నిలిచినది.

1866వ సంవత్సరమున ఈ ప్రాంతమును గొప్ప కఱవు పీడించెను. అప్పుడు ఉయ్యాలవాడ గ్రామమున బుడ్డా వెంగళరెడ్డి యను దాత తన గాదెలను తెఱపించి, ఆకలిగొని వచ్చిన వేలమందికి అన్నము పెట్టించెను. ఆ దాతృత్వమును విని విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకము నొసగెను. ఉయ్యాలవాడ నేడు నంద్యాల జిల్లాలో నున్నది. ఆ దాత పేరు నేటికిని అక్కడి జనుల నాలుకలపై నిలిచియున్నది.

ఆయన ఘనత ఎచట నున్నది? గాదెలలోని ధాన్యమున మాత్రమే కాదు. ఆకలి ఒకనాటితో తీఱునది కాదు. నేడు తీర్చినను రేపు మఱల పుట్టును. కావున అన్నము పెట్టువాడు దినదినము పొయ్యి వెలిగింపవలెను. ఒక్కనాటి దానము ఎవరైనను చేయగలరు. మఱునాడు మఱల చేయుటయే కష్టము. సేవకు ప్రాణము ఈ నిలుకడయే. పాఠశాలలో సేవాసంఘమును నడుప దలచిన విద్యార్థులు మొదట గ్రహింపవలసిన ధర్మమిది.

విద్యార్థులు సంఘసేవ చేయవలెనను తలంపు మన దేశమున క్రొత్తది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము, విద్యార్థులు స్వచ్ఛందముగా జాతీయ సేవలో పాల్గొనవలెనని సూచించెను. ఆ సూచన ఫలించుటకు ఇరువది యేండ్లు పట్టెను. గాంధీమహాత్ముని శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, నాటి కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి. రావు జాతీయ సేవా పథకమును ప్రారంభించిరి. తొలుత 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులు అందు చేరిరి. “నేను కాదు, నీవు” అనునది ఆ పథకపు ఆదర్శవాక్యము. కోణార్క సూర్యదేవాలయపు రథచక్రము దాని చిహ్నము. చక్రమునందలి ఎనిమిది ఆకులు దినమునందలి ఇరువదినాలుగు గంటలను సూచించును. సేవకుడు ఏ జామున పిలిచినను సిద్ధముగా నుండవలెనని దాని భావము.

ఈ పథకమున చేరిన కళాశాల విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయవలెను. ఉన్నత పాఠశాలలలో జూనియర్ రెడ్ క్రాస్, భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్, పర్యావరణ సంఘములు మున్నగునవి కలవు. ఏ పేరుతో నున్నను వీని పని యొక్కటే. బాలబాలికలకు 120 గంటలు అధికముగా తోచవచ్చును. వారమునకు ఒక గంట చాలును. వారమున 168 గంటలుండగా అందొక గంట ఇతరుల కిచ్చుట ఎవరికిని భారము కాదు. అయితే ఆ గంటను తప్పక ఇయ్యవలెను. ఒకనాడు పది గంటలు పనిచేసి, ఆపై పది వారములు మఱచినవానివలన ఊరికి మేలు లేదు.

జూన్ నెలలో పాఠశాల తెఱచిన వెంటనే సంఘమును ఏర్పఱచుకొనుట మంచిది. ఒక ఉపాధ్యాయుడు మార్గదర్శకుడుగా నుండవలెను. ప్రధానోపాధ్యాయుని అనుమతియు, తల్లిదండ్రుల సమ్మతియు ముందుగానే పొందవలెను. ముప్పది మంది సభ్యులు చాలుదురు. వారు తమలో నుండి అధ్యక్షుని, కార్యదర్శిని, కోశాధికారిని ఎన్నుకొందురు. సంఘమునకు మూడు పుస్తకము లవసరము: హాజరు పట్టిక, కార్యవిశేషముల పుస్తకము, జమాఖర్చుల పుస్తకము. పది రూపాయలు వచ్చినను వ్రాయవలెను, అర్ధ రూపాయి వ్యయమైనను వ్రాయవలెను. లెక్క చూపలేని సేవను లోకము నమ్మదు.

తరువాత పని నెన్నుకొనవలెను. తమకు తోచినది కాక ఊరికి కావలసినది చేయవలెను. అందుకై సభ్యులు ఇద్దఱిద్దఱుగా వీధులకు పోయి పెద్దల నడుగుదురు. “అవ్వా, మీకు దేనివలన కష్టముగా నున్నది?” అని వినయముతో నడిగిన, ఆమె చెప్పు మాటలో ఒక ఏటికి చాలినంత పని దొరకవచ్చును. కొళాయి నీరు నాలుగు దినముల కొకమారు వచ్చుచున్నదని ఒకరు చెప్పుదురు. పింఛను కాగితము చదివిపెట్టువారు లేరని మఱియొకరు చెప్పుదురు. మనుమడు అక్షరములు కూడదీసికొని చదువలేకున్నాడని వేఱొకరు చెప్పుదురు. వీనినెల్ల వ్రాసికొని, తాము నిలుకడగా చేయగలిగిన రెండు మూడు పనులను మాత్రమే సంఘము చేపట్టవలెను.

నీరు నిలువయుంచుకొను ఇండ్లకు దోమల బాధ తప్పదు. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురుగునీటికన్న తొట్టెలలోని తేటనీటిలోనే గ్రుడ్లు పెట్టుటకు ఇష్టపడును. గ్రుడ్డు పొదిగి, పురుగై, ఱెక్కలు వచ్చి యెగురుటకు సాధారణముగా ఎనిమిది నుండి పది దినములు పట్టును. కావున వారమునకు ఒకమారు తొట్టెలను, కుండలను ఖాళీచేసి, లోపల తోమి, ఆఱబెట్టిన యెడల ఆ పురుగు దోమ కాకమునుపే నశించును. రెండు వారముల కొకమారు చేసిన శ్రమయంతయు వ్యర్థమగును. ప్రతి శుక్రవారము సాయంకాలము ఒక వీధిలోని ఇల్లిల్లు తిరిగి ఈ మాట గుర్తుచేయు బాలుర జట్టువలన ఆ వీధికి ఎంతయో మేలు కలుగును.

అట్లే వానకాలమున చిన్నపిల్లలకు అతిసారము సోకుట కలదు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆఱు చిన్న చెంచాల పంచదారయు, అర చెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగించిన యెడల శరీరము ఎండిపోక నిలుచును. చెంచాలు తలగొట్టి కొలువవలెను, ఉప్పు మించరాదు. ఇది ఆసుపత్రికి పోవులోపల చేయవలసిన సాయమే కాని, వైద్యునికి బదులు కాదు. ఈ కొలతను కంఠస్థము చేసి తల్లులకు నేర్పుట అష్టమ తరగతి విద్యార్థికి సాధ్యమైన పని.

ఇక మొక్కల మాట. తొలకరి వానలకు ప్రతి పాఠశాలలోను మొక్కలు నాటుదురు. ఆనాడు ఉత్సాహము పొంగును, చప్పట్లు మ్రోగును. మఱుసటి జూన్‌లో చూచిన, పలుచోట్ల ఎండిన పుల్లలు మాత్రము కానవచ్చును. దీనికి కారణము నేల కాదు, వాన కాదు, లెక్క మఱచుటయే. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము ఆఱు నుండి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినములు. తక్కిన 145 దినములు పాఠశాల మూతపడి యుండును. కాని మొక్కకు సెలవులు లేవు. పాఠశాల తలుపులు మూసిన ఏప్రిల్, మే నెలలలోనే దానికి దప్పిక యెక్కువ. ఆ నెలలలో కర్నూలు, కడపలలో ఎండ నలువది డిగ్రీలను మించును.

కావున నూఱు మొక్కలు నాటి విడుచుటకన్న పది మొక్కలను బ్రదికించుట మేలు. వేప, కానుగ, చింత వంటివి మెట్టనేలకు తగిన చెట్లు. మొక్క చుట్టును తుమ్మకంప కట్టిన మేకలు ముట్టవు. మొదట ఎండుటాకులు పఱచిన తేమ ఆఱదు. మొక్క ప్రక్కన ఒక కొత్త మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి మూత పెట్టిన యెడల, ఆ నీరు కుండ గోడలనుండి మెల్లమెల్లగా ఊరి వేళ్ళకు చేరును. ఎండకు ఆవిరియై పోవు నీరు చాల తగ్గును.

వేసవి సెలవులు సుమారు ఏడు వారములు, అనగా 49 దినములు. దినమునకు ఇద్దఱు చొప్పున వచ్చి నీరు పోసినను మొత్తము 98 వంతులు. ముప్పది మంది సభ్యులకు పంచిన ఒక్కొక్కరికి మూడు నాలుగు వంతులకు మించవు. ఆ పట్టికను సెలవులకు ముందే వ్రాసి ప్రతివానికి ఇయ్యవలెను. బంధువుల ఊరికి పోవువాడు తన వంతును మిత్రునితో మార్చుకొని, ఆ మార్పును పుస్తకమున వ్రాయించవలెను. ఇంత చిన్న యేర్పాటు లేకపోవుటచేతనే ఎన్ని చెట్లు పుట్టకముందే చచ్చినవో!

వేసవిలో చలివేంద్రము పెట్టుట మన పూర్వుల ఆచారము. దానికిని ఇదే న్యాయము వర్తించును. ప్రారంభోత్సవము నాడు కుండకు పూలదండ వేయుట సులభము. ఇరువదియవ నాటి మధ్యాహ్నమున ఆ కుండలో నీరుండుట కష్టము. బస్సు దిగి, ఎండలో నడచి, చలువ పందిరి చూచి ఆశతో వచ్చిన వృద్ధునికి వట్టికుండ కనబడిన, పందిరి లేకున్ననే మేలని తోచును. కుండలను దినదినము కడిగి, నీరు వడగట్టి నింపి, పొడుగుకాడ గరిటెతో ముంచి పోయవలెను.

ఈ సీమకు కఱవులే కాక వఱదలును వచ్చినవి. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు, హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచెత్తినవి. 2021 నవంబరు 19వ తేదీన నాటి కడప జిల్లాలో చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి దిగువ గ్రామములు దెబ్బతినినవి. అట్టి సమయమున బాలురు ధైర్యముతోపాటు వివేకమును చూపవలెను. పాఱు నీటిలో దిగుట వారి పని కాదు. అది శిక్షణ పొందినవారి పని. పెద్దల పర్యవేక్షణలో వస్త్రములను ఏరి కట్టలు కట్టుట, పొట్లములను లెక్కించుట, తడిసిన పుస్తకముల స్థానమున తోటి విద్యార్థులకు పాఠములు వ్రాసియిచ్చుట వారు చేయగలిగిన సేవ. వార్తలు నిలిచిపోయిన తరువాతను బాధితుల కష్టము నిలిచియే యుండును. అప్పుడు పోయి తోడ్పడువాడే నిజమైన సేవకుడు.

సేవ చేయువానికి వినయము భూషణము. సాయము పొందినవాడు మనకన్న తక్కువవాడు కాడు. చేయిచాపిన వృద్ధురాలిని నిలబెట్టి ఛాయాచిత్రము తీయుట ఆమె గౌరవమును దోచుటయే యగును. ఒకరి ఇంటి కష్టమును తెలిసికొనిన విద్యార్థి దానిని వీధిలో చెప్పరాదు.

“సేవయని తిరిగిన చదువు చెడును గదా” అని కొందఱు తల్లిదండ్రులు శంకింతురు. ఆ శంక న్యాయమైనదే. పదవ తరగతివారిని పరీక్షల సంవత్సరమున పనినుండి విడువవలెను. తక్కినవారును పరీక్షల నెలలో పనిని తగ్గించుకొనవచ్చును. కాని జమాఖర్చులు వ్రాయువానికి గణితము, వంతులు పంచువానికి కార్యనిర్వహణము, పెద్దలతో మాటలాడువానికి భాష అలవడును. ఇవి చదువుకు విరోధములు కావు.

సంవత్సరాంతమున చేయవలసిన కార్య మొకటి మిగిలియున్నది. మూడు పుస్తకములను, మొక్కల పట్టికను క్రింది తరగతివారి చేతి కప్పగింపవలెను. నాటినవాడు ఉన్నత తరగతులకు పోవును; పిదప ఊరు విడిచియు పోవచ్చును. చెట్టు మాత్రము అచటనే యుండును. దాని నీడ ఎవరు నాటిరని అడుగదు. అలసి వచ్చిన ప్రతివానికి చల్లదన మిచ్చును. బాలబాలికలారా! మీ పాఠశాల ఆవరణమున నేడు వేపచెట్టు క్రింద మీరు కూర్చుండుచున్న యెడల, ఏదో ఒక మే నెల మధ్యాహ్నమున, ఎవరును చూడని వేళ, ఒక విద్యార్థి బిందెతో నీరు తెచ్చి దాని మొదట పోసెనని తెలిసికొనుడు. ఈ యేటి వంతు మీది.

ప్రశ్నలు

1. బుడ్డా వెంగళరెడ్డి దాతృత్వమునుండి సేవాసంఘము నేర్చుకొనవలసిన దేమి?
2. తొట్టెలను వారమున కొకమారు ఆఱబెట్టవలె ననుటకు కారణ మేమి?
3. మీ పాఠశాలలోని మొక్కలకు వేసవి సెలవులలో నీరు పోయుటకు వంతుల పట్టికను తయారుచేయుడు.
4. వఱదల సమయమున విద్యార్థులు చేయదగినవి, చేయరానివి వ్రాయుడు.