వీలునామాలో 'సాక్షి' ఎవరు?

'సాక్షి' అంటే ఎవరని అడిగితే, కంటితో చూసినవాడని చిన్నపిల్లలు కూడా చెబుతారు. అయితే ఏమి చూసినవాడు? వీలునామా విషయంలో చట్టం ఈ మాటకు ప్రత్యేకమైన అర్థం ఇచ్చింది. అది తెలుసుకోకపోతే ఆస్తి చేజారవచ్చు.

క్రైస్తవుల వీలునామాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని 63వ సెక్షను ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులుండాలి. వీలునామా రాసిన వ్యక్తి సంతకం చేయటం వారు చూడాలి. లేదా 'ఇది నా సంతకమే' అని అతడే వారితో చెప్పాలి. తర్వాత అతని ఎదుటనే తామూ సంతకం చేయాలి. లోపల ఏమి రాసి ఉందో వారికి తెలియనవసరం లేదు. పత్రం రాసిపెట్టి 'దస్తూరి' అని సంతకం చేసినవాడు అంతమాత్రాన సాక్షి కాడు.

అసలు చిక్కు 67వ సెక్షనులో ఉంది. సాక్షి సంతకం చేసినవారికి గాని, వారి భార్యకు లేక భర్తకు గాని ఆ వీలునామాలో ఇచ్చినది చెల్లదు. ఒక తండ్రి ఇల్లు కూతురికి రాశాడనుకోండి. ఇంట్లోనే ఉన్నాడు గదా అని అల్లుడిచేత సాక్షి సంతకం పెట్టించారు. వీలునామా నిలుస్తుంది, మిగతావారికి రాసినవీ నిలుస్తాయి. ఇల్లు మాత్రం ఆ వీలునామా ద్వారా కూతురికి దక్కదు. అల్లుడు ఎంత నిజాయితీపరుడైనా సరే! ఈ సెక్షను హిందువుల వీలునామాలకు వర్తించదు. కాబట్టి 'మా ఇంట్లో అలాగే చేశాం, ఏమీ కాలేదు' అని పొరుగువారు చెబితే, అది వారి వరకు నిజమే, మనకు పనికిరాదు.

'పిల్లలు' అనే మాటా ఇలాంటిదే. మనుమలను కూడా కలుపుకొని 'మా పిల్లలు' అంటాం. 99వ సెక్షను ప్రకారం, వేరే ఉద్దేశం కనిపించకపోతే, పిల్లలంటే కొడుకులు, కూతుళ్లే. 'నా ఆస్తి నా పిల్లలకు' అని రాస్తే, అంతకుముందే మరణించిన కొడుకు బిడ్డలు అందులోకి రారు. వారి పేర్లు విడిగా రాయించండి.

దేవాలయానికో, అనాథాశ్రమానికో ఇవ్వదలచినవారికి 'దగ్గరి బంధువు' అనే మాట చాలాకాలం అడ్డుపడింది. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు గాని, అంతకంటె దగ్గరివారు గాని ఉంటే, మరణానికి ఏడాది ముందే వీలునామా రాసి, ఆరు నెలల్లో దాఖలు చేయాలని 118వ సెక్షను షరతు పెట్టింది. సుప్రీంకోర్టు 2003లో దానిని కొట్టివేసింది. ఎవరైనా ఇంకా ఆ షరతు చెబితే, అది పోయిందని చెప్పండి.