మంచుదారి ధర్మాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అలాస్కా అన్నింటికంటె విశాలమైనది. జనం అన్నింటికంటె పలుచగా ఉన్నదీ అక్కడే. ఆ రాష్ట్రపు పడమటి అంచున, బేరింగ్ సముద్రతీరంలో నోమ్ అనే చిన్న పట్టణం ఉంది. అలాస్కాలోని పెద్ద నగరాలనుండి ఆ ఊరికి నేటికీ రహదారి లేదు. వేసవిలో ఓడలు వస్తాయి. శీతకాలంలో సముద్రం గడ్డకడితే విమానమే దిక్కు. అటువంటి పట్టణాన్ని ప్రతి సంవత్సరం మార్చి నెలలో కొందరు స్త్రీపురుషులు కుక్కలు లాగే మంచుబండ్లమీద చేరుకొంటారు. ఆంకరేజ్ నగరంలో ఉత్సవంగా బయలుదేరి, పర్వతాలను, అడవులను, గడ్డకట్టిన యూకాన్ నదిని, చివరకు గడ్డకట్టిన సముద్రపు పాయను దాటి వారు సాగించే ఈ పరుగు సుమారు 1,600 కిలోమీటర్లు. దీని పేరు ఇడిటరోడ్. బండి నడిపేవారిని అక్కడ మషర్ అంటారు. మన మాటలో చెప్పాలంటే సారథి.

నోమ్ పట్టణానికీ కుక్కబండికీ ఉన్న అనుబంధం 1925 నాటి ఒక ఆపదవల్ల లోకానికి తెలిసింది. ఆ జనవరిలో అక్కడి పిల్లలకు డిఫ్తీరియా సోకింది. కంఠసర్పి అని కూడ పిలిచే ఈ వ్యాధి గొంతును మూసివేసి ప్రాణం తీస్తుంది. దాని విరుగుడు మందు రైలుమీద నెనానా అనే ఊరివరకు రాగలిగింది. అక్కడినుండి నోమ్‌కు 674 మైళ్ళు, అంటే సుమారు 1,085 కిలోమీటర్లు. ఇరవైమంది సారథులు, సుమారు 150 కుక్కలు అంచెలంచెలుగా ఆ మందును ఐదున్నర రోజులలో చేరవేశారు. అందరికంటె ఎక్కువ దూరాన్ని, అందులోనూ మిక్కిలి ప్రమాదకరమైన భాగాన్ని దాటినవాడు లియొనార్డ్ సెప్పాలా. అతని బండికి ముందు నడిచిన నాయక శునకం టోగో. కాని చివరి అంచెలో ఊరు చేరిన బండి గున్నార్ కాసెన్‌ది. దానికి ముందున్న కుక్క బాల్టో. న్యూయార్కులోని సెంట్రల్ పార్కులో అదే సంవత్సరం కంచు విగ్రహం వెలసింది బాల్టోకే. చివరి అంచెకు పేరు దక్కడం లోకరీతి కాబోలు.

అయినా నేటి పోటీ ఆ సంఘటనకు స్మారకంగా మాత్రమే పుట్టింది కాదు. 1960లలో ఇంజనుతో నడిచే మంచుబండ్లు వచ్చి పల్లెలలోని కుక్కలకు పని లేకుండా చేశాయి. తరతరాల విద్య కళ్ళముందే అంతరిస్తుంటే జో రెడింగ్టన్ అనే సారథి, డొరొతి పేజ్ అనే చరిత్రాభిమాని పూనుకొని 1967లో ఒక చిన్న పందెం జరిపించారు. 1973లో అది నోమ్ వరకు సాగే దీర్ఘయాత్ర అయింది. ఆ ఏడు విజేత డిక్ విల్‌మార్త్‌కు ఇరవై రోజులు పట్టగా, కడపటివాడు చేరడానికి ముప్పైరెండు రోజులు పట్టింది. 2017లో మిచ్ సీవీ 8 రోజుల 3 గంటల 40 నిమిషాలలో గమ్యం చేరాడు. వేగం ఇంతగా పెరిగిందంటే దానితోపాటు ప్రలోభమూ పెరిగిందన్నమాట.

ఈ పోటీ నియమావళిలోని విశేషం ఇక్కడే ఉంది. సాధారణంగా పందేలలో నియమాలు 'ఇంతకు మించరాదు' అంటాయి. ఇడిటరోడ్ నియమాలు ఎక్కువగా 'ఇంతకు తగ్గరాదు' అంటాయి. బండిలోని సామగ్రి ఇంతకు తగ్గరాదు. విశ్రాంతి ఇంతకు తగ్గరాదు. గమ్యం చేరే కుక్కలు ఇన్నింటికి తగ్గరాదు. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది, నిద్ర తగ్గితే కాలం కలిసివస్తుంది. గెలవాలన్న కోరిక బలపడినకొద్దీ సారథి ముందుగా విడిచిపెట్టేది తన ప్రాణానికీ కుక్కల ప్రాణానికీ రక్షణగా ఉన్న వస్తువులనే. సాక్షులు లేని దారిలో ఆ కోరికకు కట్టిన గట్టు ఈ నియమావళి.

తప్పనిసరి సామగ్రిలో మొదటిది చలికి ఆగే స్లీపింగ్ బ్యాగు, అంటే దూరి పడుకొనే పడకసంచి. దాని బరువు 5 పౌండ్లకు, అనగా సుమారు రెండుంబావు కిలోలకు తగ్గరాదు. పడకసంచికి తూకమెందుకన్న సందేహానికి 1985 నాటి పోటీ సమాధానం చెబుతుంది. ఆ ఏడు షాక్టూలిక్ అనే పల్లెలో తక్కినవారు మంచుతుఫానుకు వెరచి ఆగిపోగా, లిబ్బీ రిడిల్స్ అనే యువతి గడ్డకట్టిన సముద్రంమీదికి బండి తోలింది. గాలిలో దారి కనిపించక ఆ రాత్రి ముందుకు సాగలేకపోయింది. తన బండిలోనే, పడకసంచిలో దూరి తెల్లవారేవరకు గడిపింది. ఇడిటరోడ్‌ను గెలిచిన తొలి మహిళ ఆమె. లోకం ఆమె సాహసాన్ని పొగిడింది. ఆ సాహసాన్ని రాత్రంతా కాపాడిన సంచిని తలచినవారు తక్కువ.

రెండవది గొడ్డలి. దాని ఇనుము ఒకటి ముప్పాతిక పౌండ్లకు, కామ, అంటే పిడి, 22 అంగుళాలకు తగ్గరాదు. చేతిగొడ్డలితో ఎండుచెట్టు కూలదు. మంట లేకపోతే తడిసిన మనిషి బ్రతకడు. రాయిలా గడ్డకట్టిన మాంసాన్ని ముక్కలు చేయడానికీ, దారికి అడ్డుపడిన మానును తొలగించడానికీ అదే ఆధారం. మెత్తని మంచులో కాలు దిగబడకుండ తొడుక్కొనే వెడల్పాటి మంచుచెప్పులు ఒక జత ఉండాలి. ఒక్కొక్కటి కనీసం 252 చదరపు అంగుళాల వైశాల్యం కలిగి ఉండాలి. కొత్త మంచు దారిని కప్పివేసినప్పుడు సారథి కుక్కలకు ముందు నడిచి, మంచును తొక్కి, వాటికి దారి వేయవలసి ఉంటుంది. బండి ఎక్కి కూర్చుని ప్రయాణం చేయడమే ఈ పోటీ అనుకొనేవారు ఈ చెప్పులను గుర్తుంచుకోవాలి.

తక్కిన వస్తువులు చాలావరకు కుక్కలకోసమే. ఒక్కొక్క కుక్కకు ఎనిమిది కాలితొడుగులు ఉండాలి. అంటే తొడిగినవి నాలుగు పోగా నాలుగు నిలువ. గరుకైన మంచు వ్రేళ్ళ సందులలో ఉండకట్టి చర్మాన్ని కోస్తుంది. ఈ చిన్న గుడ్డతొడుగులు త్వరగా చిరుగుతాయి కాబట్టి ఒక జట్టు నోమ్ చేరేలోగా వేయికి పైగా ఖర్చవుతాయి. వాటిని సారథి వంగి, చేతితొడుగులు తీసి, గడ్డకట్టుకుపోయే వ్రేళ్ళతో ఒక్కొక్క కాలికీ కట్టాలి. పదహారు కుక్కలుంటే అరవైనాలుగు కాళ్ళు!

ఒకేసారి 3 గ్యాలన్లు, అనగా సుమారు 11 లీటర్ల నీటిని కాచగల స్టవ్వు, పాత్ర, అందుకు సరిపడే ఇంధనం కూడ ఉండాలి. చుట్టూ ఉన్నదంతా నీరే అయినా తాగడానికి చుక్క ఉండదు, మంచును కరిగించాలి. పరుగు రోజులలో ఒక్కొక్క కుక్కకు దినానికి సుమారు 10,000 కెలోరీల ఆహారం కావాలి. ఆ ఆహారాన్ని వేడినీటిలో కలిపి పెట్టడంవల్లనే వాటి ఒంటికి నీరు అందుతుంది. మజిలీకి చేరిన సారథి కుక్కలు తిని, గడ్డిపరుపుమీద పడుకొన్న తరువాతగాని తన ఆకలి సంగతి తలపెట్టడు. ఇవిగాక జట్టునంతా కట్టివేయగల ఉక్కుతీగల మోకు, ఆపదవేళకు దాచిన కుక్కల తిండి, ప్రతి మజిలీలోనూ పశువైద్యునికి చూపవలసిన పుస్తకం బండిలో ఉంటాయి. బంగారపు వేటనాడు ఇదే దారిలో ఉత్తరాలు నడిచినందుకు గుర్తుగా ఒక కట్ట తపాలా కవర్లు కూడ నోమ్ వరకు ప్రయాణం చేస్తాయి. బరువుకు తప్ప మరి దేనికీ పనికిరాని వస్తువు అదొక్కటే. అయినా దానిని పారవేయరాదు.

విశ్రాంతి విషయంలోనూ ఇదే పద్ధతి. ప్రతి సారథి తనకు నచ్చిన ఒక మజిలీలో 24 గంటలు, యూకాన్ నదీతీరంలో 8 గంటలు, నోమ్‌కు సుమారు 124 కిలోమీటర్ల దూరంలోని వైట్ మౌంటెన్‌లో మరి 8 గంటలు ఆగితీరాలి. బండ్లు ఒకదాని వెనుక ఒకటి కొద్ది నిమిషాల ఎడంతో బయలుదేరుతాయి. ఆ తేడాను 24 గంటల విరామంలో సరిచేస్తారు. ముందు వెళ్ళినవాడు ఆ మేరకు ఎక్కువసేపు ఆగుతాడు.

జట్టులో ఉండదగిన కుక్కల సంఖ్య మారుతూ వచ్చింది. పందెం మొదలైన తరువాత కొత్త కుక్కను చేర్చుకోరాదు. అలసినదానిని, గాయపడినదానిని మజిలీలో వైద్యులకు అప్పగించవచ్చు; స్వచ్ఛందంగా పనిచేసే విమాన చోదకులు వాటిని వెనుకకు తీసుకుపోతారు. మజిలీ దూరమైతే ఆ కుక్కను సారథి బండిలో పడుకోబెట్టి, కప్పి, తీసుకుపోవాలి. అందుకు తగిన చోటు లేని బండి పందేనికి పనికిరాదు. లాగవలసినదానిని మోయవలసిరావచ్చునన్న ఆలోచన బండి కొలతలలోనే ఉన్నదన్నమాట. చివరకు కనీసం ఐదు కుక్కలతో నోమ్ చేరాలి.

కుక్కను హింసించరాదన్న నియమం కొట్టడంతో ఆగదు. నివారించదగిన బాధను నివారించకపోవడం కూడ దాని దృష్టిలో హింసే. నన్నయ ఆదిపర్వంలో దేవశునకమైన సరమ, తన బిడ్డను నిష్కారణంగా కొట్టారని జనమేజయుని నిలదీసిన ఘట్టం తెలుగు విద్యార్థులకు పరిచితమే. అక్కడ నోరులేని ప్రాణి పక్షాన దాని తల్లి మాట్లాడింది. ఇక్కడ ఆ పని పశువైద్యుల పుస్తకం చేయవలసి ఉంటుంది.

కొన్ని నియమాల వెనుక నవ్వు పుట్టించే కథలున్నాయి. జాన్ సూటర్ అనే ఆయన 1988 మొదలు కొన్నేళ్ళు పూడిల్ జాతి కుక్కలను జట్టులో కట్టి వచ్చాడు. వాటి ఉంగరాల జుట్టు మంచుకు అంటుకుపోయేది. ఆ తరువాత ఉత్తరదేశపు చలికి తగిన కుక్కలు మాత్రమే రావాలన్న నియమం ఏర్పడింది.

మరికొన్నింటి వెనుక రక్తం ఉంది. ఈ దారిలో మూస్ అనే మహాకాయపు దుప్పి ఎదురవుతుంది. లోతైన మంచులో నడవలేక అదీ తొక్కిన బాటనే పడుతుంది. 1985లో అందరికంటె ముందున్న సూసన్ బుచర్ జట్టుమీద ఒక మూస్ పడి రెండు కుక్కలను చంపి, మరెన్నింటినో గాయపరచింది. వెనుక వచ్చిన పోటీదారు తుపాకితో దానిని కూల్చేవరకు ఆ దాడి ఆగలేదు. ఆమె పందెం మానుకొంది. ప్రాణరక్షణకై ఇటువంటి మృగాన్ని చంపవచ్చు. కాని చంపినవారు దాని పేగులను తీసివేసి, తరువాతి మజిలీలో ఆ సంగతి తెలపాలి. వెనుక వచ్చేవారు సాధ్యమైనంతవరకు సాయపడాలి; ఆ పని ముగిసేవరకు దాటిపోరాదు. లోపలి భాగాలు తీయకపోతే ఒంటి వేడి నిలిచి, ఎంత చలిలోనైనా మాంసం చెడిపోతుంది. అక్కడి పల్లెలకు అది కొన్ని నెలల భోజనం. 2024లో డల్లాస్ సీవీ తన కుక్కను గాయపరచిన మూస్‌ను కాల్చాడు. పేగులు తీసే పని పూర్తిగా చేయలేదని న్యాయనిర్ణేతలు అతనికి రెండు గంటల దండన విధించారు. ఆ రెండు గంటలు కోల్పోయి కూడ అతడే గెలిచి, ఆరవసారి విజేత అయ్యాడు.

బయటివారి సాయం పొందరాదు. పోటీదారులు మాత్రం ఒకరికొకరు సాయపడవచ్చు. ఆపదలో ఉన్నవాడిని ఆదుకొన్నందుకు దండన లేదు. ప్రమాద సంకేతం పంపే యంత్రం మీట నొక్కితే ప్రాణం దక్కుతుంది, పందెం పోతుంది.

నియమానికీ దయకూ ఘర్షణ కలిగిన సందర్భమూ ఉంది. 2022లో చివరి అంచెలో తుఫాను చెలరేగగా ముగ్గురు సారథులు తమ కుక్కలను దారిలోని గుడిసెలలోకి తీసుకుపోయారు. కుక్కలను ఇంటిలోపల ఉంచరాదన్నది నియమం. ఇద్దరి స్థానాలను తగ్గించారు, ఒకరికి జరిమానా వేశారు. వెచ్చగా పడుకొన్న కుక్కలకు బయట పడుకొన్నవాటికంటె బలం ఎక్కువ కదా అని అధికారుల వాదం. కుక్కల ప్రాణాలకంటె స్థానాలు ముఖ్యమా అని సారథుల ప్రశ్న. కుక్కలకోసమే పుట్టిన నియమావళి కుక్కలను కాపాడినవారిని దండించిన ఈ తీర్పు అప్పుడే కాదు, ఇప్పుడు చదివినా మనసుకు పట్టదు.

ఇన్ని కట్టుబాట్లున్నా మరణాలు ఆగలేదు. 2024లో మూడు కుక్కలు చనిపోయాయి. మూస్ దాడి వంటి నివారించలేని కారణం లేనప్పుడు, కుక్కను కోల్పోయిన సారథి పందెంనుండి తొలగాలి. ఈ పరుగే మానవలసిందని జంతుసంరక్షణ సంస్థలు వాదిస్తున్నాయి. ఈ కుక్కలు పరుగెత్తకుండ ఉండలేవనీ, ఆ ఉత్సాహం తాము నేర్పినది కాదనీ సారథుల సమాధానం. రెండు మాటలలోనూ నిజముంది. ఎంతటి ఉత్సాహం ఉన్నా, ఆగుదామని కుక్క చెప్పలేదు. అది చెప్పలేని మాటను సారథి ఎంతవరకు వినగలడన్నదే తేలని వివాదం.

గమ్యంలో విజేతను నిర్ణయించేది సారథి కాదు, నాయక శునకపు ముక్కు. ఏ జట్టు మొదటి కుక్క ముక్కు గీతను దాటితే ఆ జట్టు గెలిచినట్లు. 1978లో పధ్నాలుగు రోజులకు పైగా పరుగెత్తిన తరువాత డిక్ మాకీ ఒకే ఒక్క సెకనుతో రిక్ స్వెన్సన్‌ను ఓడించింది ఈ లెక్కతోనే.

పందెం మొదలైననాడు నోమ్‌లో గమ్యం దగ్గర ఒక దీపం వెలిగిస్తారు. పూర్వం దారిపక్కనున్న సత్రాలవారు, సారథి ఇంకా త్రోవలో ఉన్నాడని తెలియడానికి కిరసనాయిలు లాంతరు వ్రేలాడదీసేవారట. విజేత వచ్చినా, ఊరేగింపులు ముగిసినా, బహుమతులు పంచినా ఆ దీపాన్ని ఆర్పరు. దారిలో ఉన్న కడపటి బండి కుక్కలతో సహా ఊరు చేరినప్పుడే దానిని ఆర్పుతారు. ఆ కడపటి సారథికి బహుమతిగా ఇచ్చేది ఒక ఎర్రలాంతరు.